బెల్టు నడిచేటప్పుడే దగ్గాలి

మా క్వార్టర్ల వరుసలో ఒక మగవాడి చేతికి కర్ర వచ్చిందంటే అతని కాలు నొచ్చిందని కాదు, కొడుకు డిగ్రీ తప్పాడని అర్థం. గనిలో పనిచేసే మనిషి ఇక పనికి రాడని మెడికల్ బోర్డు రాసిస్తే, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. మంచి ఏర్పాటే. నిజంగా నడుము విరిగినవాళ్ళ ఇళ్ళు, ఊపిరి ఆడనివాళ్ళ ఇళ్ళు దాంతోనే నిలబడ్డాయి. మా ఇల్లూ అందులో ఒకటి. మా ఇంటాయన మీద బొగ్గు బాయిలో పైకప్పు బండ పడి మోకాలు నుజ్జయింది. బోర్డుకు పిలిచిన రోజు ఆయన కర్రను తలుపు వెనక దాచి, గోడ పట్టుకుంటూ పోయాడు. కుంటివాడిగా కనపడటానికి సిగ్గుపడ్డాడు.

ఆ సిగ్గు ఆయనతోనే పోయింది. ఇప్పటివాళ్ళు కర్రకు వార్నిష్ వేయించుకుని మరీ తిరుగుతున్నారు.

మా ఎదురు క్వార్టరు కొమురెల్లిని చూడండి. యాభై ఏడేళ్ళ మనిషి. నిండు గ్యాసు బండను భుజాన వేసుకుని మెట్లెక్కుతాడు. అదే మనిషి డ్యూటీకి బయలుదేరి వీధి మలుపు తిరగ్గానే కుంటుతాడు. సోమవారం కుడికాలు కుంటుతాడు, గురువారం ఎడమకాలు.

"ఏం కొమురెల్లీ, నొప్పి అటు మారిందా?" అని వరండాలోంచి అడిగాను.

"నొప్పికి ఇల్లు, వాకిలి ఉంటదా అవ్వా? తిరుగుతనే ఉంటది," అన్నాడు. నవ్వలేదు కూడా.

అయినా ఇక్కడ రాయబోతున్నది కొమురెల్లి సంగతి కాదు. సారక్క సంగతి. కానీ బియ్యం చెరిగేటప్పుడు పురుగు తగలకుండా ఉండదు కదా, అతను మధ్యలో వస్తూనే ఉంటాడు.

సారక్కది ఓదెల దిక్కు పల్లె. పదహారేళ్ళకు పెళ్ళయి గోదావరిఖనికి వచ్చింది. మొగుడు ఇసుక లారీల మీద కూలి. మగ్గాల పనికని భీవండి పోయి, అక్కడే ఇంకో పొయ్యి పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క బిడ్డ మెట్‌పల్లి పక్కన బీడీలు చుట్టుకుని బతుకుతోంది. సారక్క మా క్వార్టర్ల వెనక, మురుగు మోరీ అవతలి రేకుల గుడిసెలో ఒక్కతే ఉంటుంది. బొగ్గు యార్డులో కాంట్రాక్టు పని. బొగ్గును మోసుకుపోయే పెద్ద బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తి తట్టలో పోయాలి, మిగిలిన దుమ్మును ఊడవాలి. షిఫ్టు మారే కాసేపు తప్ప బెల్టు ఆగదు, రాలడం ఆగదు, కాబట్టి ఊడవడమూ ఆగదు. పందొమ్మిదేళ్ళ నుంచి ఊడుస్తూనే ఉంది. ఈ పందొమ్మిదేళ్ళలో ఏడుగురు కాంట్రాక్టర్లు మారారు. మారిన ప్రతిసారీ ఆమె కొత్తగా చేరిన మనిషే. పందొమ్మిదేళ్ళు పనిచేసినా ఆమెకు కాగితం మీద ఒక్క ఏడాది సర్వీసు కూడా నిలవలేదు.

నలభై ఎనిమిదేళ్ళు. చూస్తే అరవై అంటారు. ఎంత రుద్దుకుని స్నానం చేసినా కంటి కొనల్లో నల్లగీత పోదు. "కాటుక ఖర్చు మిగిలింది అవ్వా," అంటుంది. సాయంత్రాలు కొమురెల్లి ఇంట్లో గిన్నెలు తోముతుంది.

కొమురెల్లి పెళ్ళాం రమ ఆమెకు చాయ్ పోసే గ్లాసును పెరటి గోడ మీద బోర్లిస్తుంది. ఆ గ్లాసు ఇంట్లోకి రాదు. "కాంట్రాక్టోళ్ళు అత్తా, యాడ్నో తిరిగొస్తరు," అని నాకు చెబుతుంది. ఈ రమ తల్లి ఎవరనుకున్నారు? ఇదే ఊళ్ళో లారీలకు బొగ్గు తట్టలు మోసిన మనిషి. నా కళ్ళతో చూశాను. తల్లి నెత్తి మీది తట్ట దిగి ఇంకా ముప్ఫై ఏళ్ళు కాలేదు, బిడ్డ తట్ట మోసేవాళ్ళను చూసి ముక్కు మూసుకుంటోంది. మా వరుసలో సగం మంది ఇంతే. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా పర్మనెంటు వాళ్ళ ఆడవాళ్ళు లోపలి వరుస, కాంట్రాక్టు వాళ్ళు బయటి వరుస. పువ్వులకు మాత్రం ఆ తేడా తెలియదు. కాంట్రాక్టు ఆడవాళ్ళు తెంపుకొచ్చిన తంగేడు పూలనే లోపలి వరుసవాళ్ళు పేర్చుకుంటారు.

సారక్కకు దగ్గు మొదలై రెండేళ్ళు దాటింది. అయితే ఆ సంగతి పనిచోట ఎవరికీ తెలియదు. ఎలా దాచావే అని ఒకరోజు పట్టుబట్టి అడిగాను. నేను అడిగితే వదిలిపెట్టనని ఊరంతటికీ తెలుసు.

"బెల్టు నడిచేటప్పుడే దగ్గాలె అవ్వా," అంది. "అప్పుడు దాని సప్పుడుకు పక్కన పిడుగు పడ్డా ఇనబడదు. బెల్టు ఆగిందనుకో, కొంగు నోట్ల కుక్కుకుంట. అల్లం ముక్క దౌడకు పెట్టుకుంట. దగ్గెటోళ్ళను సూపర్‌వైజరు పక్కకు పెడ్తడు. మల్ల పిలువడు."

రెండేళ్ళుగా ఆ మనిషి ఒక యంత్రం చప్పుడు చూసుకుని దగ్గుతోంది. చెబుతున్నప్పుడు నవ్వింది కూడా. తెలివి అనుకుందేమో. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీదనా, ఆ బెల్టు మీదనా, ఆ రోజు తేల్చుకోలేకపోయాను.

ఇక పురుగు దగ్గరికి వద్దాం. కొమురెల్లికి కాళ్ళ నాటకంతో లాభం లేదని ఎవరో చెప్పారు. బోర్డులో కాలు వంచి చూస్తారు, వంగితే అయిపోయినట్టే. ఛాతీ జబ్బయితే నమ్ముతారని అతని నమ్మకం. అందుకు దగ్గు కావాలి. పుట్టి బుద్ధెరిగాక జలుబు కూడా చేయని మనిషికి దగ్గు ఎక్కడినుంచి వస్తుంది?

ఒక సాయంత్రం కరివేపాకుకని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. సారక్క గిన్నెలు తోముతూ దగ్గుతోంది. తలుపు చాటున కొమురెల్లి చెవి పెట్టి నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గు ఆగగానే ఇతను మెల్లగా అదే వరుసలో దగ్గి చూసుకుంటున్నాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివర ఈల లాంటి ఊపిరి.

"పాట నేర్చుకుంటున్నవా కొమురెల్లీ?" అన్నాను.

దొరికిపోయినవాడు సిగ్గుపడాలి కదా. అతను దగ్గరికొచ్చి అడిగాడు: "ఆఖర్ల ఆ ఈల ఎట్ల వస్తదో తెలుస్తలేదవ్వా. నాలుకతోనా, గొంతుతోనా?"

సారక్క తోముతున్న గిన్నె వదల్లేదు. తలెత్తకుండానే అంది: "అది నేర్చుకుంటే రాదు బావా. పందొమ్మిదేండ్లు బెల్టు కింద నిలబడాలె."

అతను దాన్ని కూడా ఉపాయంగానే విన్నాడు. మర్నాటి నుంచి గొంతు గరగరలాడాలని పొయ్యి పొగ పీల్చసాగాడు. కొడుకేమో లోపల మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్నాడు. తండ్రి చెడిపోతే తనకు నౌకరి వస్తుందని ఎదురుచూడటమే ఆ కొడుకు చేసే పని.

ఇలా ఉండగా యార్డుకు కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. అతని తరఫు సూపర్‌వైజరు కిషన్ ఒకనాడు ఆడవాళ్ళందరినీ వరుసగా నిలబెట్టాడు. ఇంటరు తప్పిన పిల్లవాడు, మెడలో విజిల్, చేతిలో రెండు ఫోన్లు. ఎనిమిది రోజుల్లో అందరూ ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము తీయించుకుని, దానిమీద డాక్టరు చిట్టీ తేవాలన్నాడు. ఊపిరితిత్తులు సాఫుగా ఉన్నవాళ్ళకే కొత్త గేటు పాసు. ఫిల్ము ఖర్చు ఎవరిది వాళ్ళదే. పందొమ్మిదేళ్ళు దుమ్ము తినిపించి, లోపల దుమ్ముందేమో చూసి పంపించేస్తారట. పాత్రలో పేడ వేసి, వాసన వస్తోందని పాత్రనే పారేసినట్టు.

ఆ సాయంత్రం సారక్క నా వరండాలో కూలబడింది.

"నా లోపల ఏమున్నదో నాకెర్కనే అవ్వా. ఫిల్ము తీసిన్నంటే పాసు పోతది. పాసు పోతే నన్ను ఎవ్వలు పిలుస్తరు? గిన్నెలు తోమితే పూట ఎల్తదా?"

జవాబు రమ దగ్గర ఉంది. అలాంటి జవాబులు అలాంటివాళ్ళ దగ్గరే ఉంటాయి. మర్నాడు నేనక్కడ ఉండగానే, ఎవరూ అడగకుండానే, సారక్కను పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది. ఆ రోజు చాయ్‌లో అల్లం కూడా వేసింది.

"నీకు సాఫున్న ఫిల్ము కావాలె. మా ఆయనకు ఖరాబున్న ఫిల్ము కావాలె. నీ పేరు మీద నా ఛాతీ తీయించుకుంట. మా ఆయన పేరు మీద నువ్వు తీయించుకో. ఇద్దరి పని అయితది. ఫిల్ముల పైసలు కూడ నేనే ఇస్త."

"ఆడదాని ఫిల్ము మగోనికి ఎట్ల నడుస్తదే రమా?" అన్నాను. నేను నాలుగో తరగతి దాకే చదివాను, అయినా ఆ మాత్రం అనుమానం నాకు వచ్చింది.

లోపలినుంచి కొమురెల్లి: "లోపల ఊపిరితిత్తులకు ఆడ, మగ ఉంటదా అవ్వా? పేగులకు ఉంటదా? అందరియి ఒక్కటే."

పదో తరగతి పాసైన మనిషి. సారక్క నా వైపు చూసింది. నేను చెప్పాల్సిన సమయం అదే. ఫిల్ములో జబ్బు కనబడితే దవాఖానకు పోవాలి గానీ ఇంకొకరికి అమ్ముకుంటారా అని అనాల్సింది. అనలేదు. పాసు నిలుస్తుంది కదా అనుకున్నాను. అంతకన్నా, ఇదెక్కడిదాకా పోతుందో చూడాలని నాకే కుతూహలం. ఇది రాయకుండా కొమురెల్లిని తిట్టే హక్కు నాకు లేదు కాబట్టి రాస్తున్నాను.

చౌరస్తా అవతల ఒక ప్రైవేటు లాబుకు ముగ్గురం షేరు ఆటోలో వెళ్ళాం. కౌంటరు దగ్గరి అతను ఫోనులోంచి తల ఎత్తలేదు. రమ చెప్పిన పేర్లు, వయసులు రాసుకున్నాడు. కె. కొమురెల్లి, యాభై ఏడు అని పిలిస్తే సారక్క లోపలికి పోయింది. సారక్క అని పిలిస్తే రమ పోయింది. ముందున్న మనిషి ముఖం చూసే తీరిక ఎవరికీ లేదు. పైఅంతస్తులో డాక్టరు కూడా రమ ఫిల్మును చూసి సారక్క పేరుతో ఫిట్ అని రాసిచ్చాడు. మనిషిని చూడలేదు.

ఆటోలో నేను రెండు ఫిల్ములనూ వెలుగుకు పెట్టి చూశాను. రమది నల్లగా, నున్నగా, దిష్టి తగిలేటట్టు ఉంది. సారక్కది పైభాగమంతా తెల్లటి మచ్చలు, పగిలిన పత్తికాయల చేను లాగ.

"అబ్బ! ఎంత ఖరాబున్నయో చూడత్తా!" అని రమ మురిసిపోయింది. కోడలికి గాజులు కొన్నంత సంబరం. సారక్క పక్కనే కూర్చుని ఉంది, ఆమె ఊపిరితిత్తుల గురించే మాట్లాడుతున్నామని రమకు గుర్తే లేదు.

సారక్క నా చెవిలో అడిగింది: "అవ్వా, ఆ తెల్లగున్నది ఏంది?"

"ఫిల్ము మరకనే," అన్నాను. నోరు ఎలా వచ్చిందో.

సారక్కకు గేటు పాసు వచ్చింది. పావుకిలో జిలేబీ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ముక్క కూడా తినకుండా మనవలకు పెట్టాను. ఇక ఎదురింట్లో రమ ఆ ఫిల్మును బోర్డుకు పిలుపు వచ్చేదాకా దేవుని అల్మారాలో పెట్టింది. పసుపు రాసి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టి, రోజూ ఊదుబత్తి ముట్టించి మొక్కింది. సారక్కను గడప దాటనివ్వని ఇంట్లో సారక్క ఊపిరితిత్తులు మాత్రం దేవుళ్ళ పక్కన కూర్చుని హారతి తీసుకున్నాయి. పెరట్లో గిన్నెలు తోముతూ ఆమె కిటికీలోంచి చూసేది. ఏమనుకునేదో అడిగాను. "మంచిగనే చూసుకుంటుర్రు. నేనెన్నడు గంత మంచిగ చూసుకోలె," అంది.

బోర్డు రోజు వచ్చింది. కొమురెల్లి నుదుట బొట్టుతో, కర్రతో, రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గుతో బయలుదేరాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు ఎప్పటిలాగే మా కిటికీలు అదిరే వేళకు తిరిగొచ్చాడు. చేతిలో కర్ర లేదు. నేరుగా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మూడు రోజులు ఆగాను. అంతకన్నా ఆగడం నా వల్ల కాదు. నాలుగో రోజు వేడి వేడి సర్వపిండి గిన్నెలో పెట్టుకుని వెళ్ళాను. సర్వపిండి ముందు మా ఊళ్ళో ఏ రహస్యమూ నిలవదు.

"ఏమన్నరు కొమురెల్లీ బోర్డుల?"

రమ చెప్పింది, మొగుణ్ణి కాల్చేసేలా చూస్తూ.

"డాక్టరు ఫిల్మును బల్పుకు పెట్టిండట. ఎవరిదయ్యా ఇది అన్నడట. నాదే సారూ అన్నడట ఈయన. ఇండ్ల రొమ్ముల నీడ మంచిగ కనబడ్తుంది, ఇది ఆడమనిషి ఛాతీ, నీకెప్పటి నుంచి వచ్చినయయ్యా అన్నడట. బోర్డుల ఉన్నోళ్ళందరు నవ్విండ్రట."

నాకూ నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. సారక్క దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే.

"మల్ల?"

"మల్లేముంది! వాళ్ళే కొత్తగ ఫిల్ము తీసిండ్రు. బంగారమసొంటి ఊపిరితిత్తులు, రిటైరయ్యే దాక ఎసుమంటి షిఫ్టయినా చెయ్యొచ్చని రాసిచ్చిండ్రు. లాబోళ్ళు మార్చిండ్రని ఈయన కాళ్ళు పట్టుకుంటే ఇడిసిపెట్టిండ్రట."

ఆరోగ్యం బాగుందన్న వార్త విని ఏడుస్తున్న ఇల్లు అది. నేను నవ్వుతూనే లేవబోయి ఆగాను. ఫిల్ము చూసిన డాక్టరు అంతే అని ఊరుకుంటాడా?

"కొమురెల్లీ, ఆ ఫిల్ము ఉన్న మనిషి గురించి డాక్టరు ఏమన్నడు?"

అతను సర్వపిండి ముక్క తుంచుతూ గోడకేసి చూశాడు.

"నిన్నే అడుగుతున్న."

"ఆమె ఎవలో గని, రేపు పొద్దుగాలనే దవాఖానకు తోల్కపొమ్మన్నడు. టీబీ లెక్క కొడ్తుందట. మందులు వాడకపోతే బతుకుడు కష్టమట. పక్కపొంటి ఉన్నోళ్ళకు కూడ అంటుకుంటదట."

"మరి సారక్కకు చెప్పినవా?"

"ఎట్ల చెప్తనే అవ్వా? ఆమె దవాఖానకు పోతే ఫిల్ము ముచ్చట బయటపడదా? నా నౌకరికే ఎసరొస్తది."

"మూడు దినాలాయెగదరా!"

"ఆమెకేమైంది, డ్యూటీకి పోతనే ఉన్నది గద," అన్నాడు. అని, ముక్క నోట్లో వేసుకున్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళు భూమి లోపల పనిచేసిన మనిషి. కింద ఒకడి దీపం ఆరిపోతే ఇంకొకడు తన దీపం చూపించి పైకి తీసుకొస్తాడని మా ఆయన చెప్పేవాడు. ఆ మనుషులేనా వీళ్ళు? నేను గిన్నె లాక్కున్నాను. మిగిలిన సర్వపిండి మోరీ దగ్గరి కుక్కకు వేశాను. అది తిని తోక ఆడించింది.

అక్కడి నుంచి నేరుగా సారక్క గుడిసెకు పోయాను. అప్పుడే డ్యూటీ దిగి, పచ్చిపులుసు కలుపుకుని తింటోంది. మరక అని నేను చెప్పిన అబద్ధంతో సహా మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేతిలోని ముద్ద చేతిలోనే ఉంది.

"నా సంగతి నాకు ఎర్కనే అవ్వా. మరకలు గట్లుండయి," అంది. మళ్ళీ తనే అడిగింది: "అంటుకుంటది అన్నడా?"

"అన్నడట."

ముద్దను కంచంలో పెట్టేసింది. "మేం ఐదుగురం ఒక్క సీసల నీళ్ళు తాగుతం. అండ్ల సహస్ర ఉన్నది."

సహస్ర ఇరవై రెండేళ్ళ పిల్ల. చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి పనికి వస్తుంది. మధ్యాహ్నం బువ్వ వేళకు సారక్క ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుందట.

"ఇంటికి పోయి బిడ్డకు పాలిస్తది అవ్వా అది," అంది సారక్క. ఆ తర్వాత పాసు గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. చేయి కడుక్కుని లేచింది.

కొమురెల్లి ఇంటి గడప ఆమె దాటడం అదే మొదటిసారి. దేవుని అల్మారా తెరిచి, బోర్డు నుంచి తిరిగొచ్చి మళ్ళీ అక్కడే చేరిన ఫిల్మును చేత్తో పట్టుకుంది. రమ పొలికేక పెట్టింది: "ఏయ్, దేవుని అర్ర అది! మైలైతది!"

"ఇన్ని దినాలు బొట్టు పెట్టి మొక్కితివి గదక్కా," అంది సారక్క. "ఇగ నా దేవుణ్ణి నాకియ్యి."

మర్నాడు సర్కారు దవాఖానకు నేనూ వెళ్ళాను. నర్సు ఫిల్ము మీది కుంకుమ చూసి, పేరు చూసి, మనిషిని చూసింది. "కొమురెల్లి ఎవరమ్మా?" అంది. "నా దగ్గు నేర్చుకున్నాయన," అంది సారక్క. వాళ్ళు ఆమె పేరు మీద, ఆమెదే ఫిల్ము తీశారు. తెమడ పరీక్ష చేశారు. టీబీయే. ఆరు నెలలు మందులు మానకుండా వాడితే తగ్గుతుందన్నారు, మందులు ఊరికే ఇచ్చారు. కలిసి పనిచేసేవాళ్ళను, పసిబిడ్డను వెంటనే పరీక్షకు తీసుకురమ్మన్నారు.

అంతవరకూ ఎవరైనా చేస్తారు. తర్వాత ఆమె చేసిన పని మా లోపలి వరుసలో ఎవరూ చేయరు. మందుల సంచీ పట్టుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని, నేరుగా యార్డు గేటుకు పోయింది. నేను వెంట పోకుండా ఉంటానా?

కిషన్ గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె పాసు అతని చేతిలో పెట్టింది.

"ఇది నా ఛాతీ చూసి ఇచ్చిన పాసు కాదు కొడుకా. నాకు టీబీ ఉన్నది. మిగతా నలుగుర్ని కూడ పరీక్షకు తోలియ్యి."

కిషన్ గబగబా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వొక్కదానివి సప్పుడు చెయ్యకుండ పో. వాళ్ళకు చెప్పకు. అందరు దవాఖాన పట్టుకుంటే బెల్టు కింద ఎవలు ఊడుస్తరు? సెట్టయినంక మల్ల చూద్దాం."

అతని వెనక, కంచె అవతల బెల్టు నడుస్తోంది. దాని హోరులో ఆ నలుగురికి ఇటు మాట వినబడదు. సారక్క వాదించలేదు. కంచె పట్టుకుని నిలబడింది. ఎంతసేపు నిలబడిందో, నా మోకాళ్ళు పట్టేశాయి. కిషన్ ఈల వేశాడు, పొమ్మన్నాడు, సెక్యూరిటీని పిలుస్తానన్నాడు. ఆమె కదల్లేదు.

షిఫ్టు మారే వేళకు బెల్టు ఆగింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. నలుగురూ పారలు ఆనించి నడుములు సరిచేసుకున్నారు.

అప్పుడు దగ్గింది సారక్క. కొంగు ముఖానికి గట్టిగా అదుముకుని, రెండేళ్ళుగా దాచుకున్న దగ్గంతా దగ్గింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివర ఆ ఈల. బెల్టు ఆగిన యార్డులో అది ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినబడింది. నలుగురూ తిరిగి చూశారు. సహస్ర చేతిలోని పార కింద పడింది.

"గీ దగ్గు మీ పక్కన్నే ఉన్నది బిడ్డా, ఇన్ని దినాలు మీకు ఇనబడనియ్యలె," అని అరిచింది సారక్క. "టీబీ అన్నరు. తప్పు నాదే. మందులున్నయి, తగ్గుతదట. గిప్పుడే దవాఖానకు నడువుండ్రి. సహస్రా, పొల్లను కూడ తీస్కపో."

నలుగురూ పారలు అక్కడే వదిలి బయటికొచ్చారు. కిషన్ వాళ్ళ వెనక పరుగెత్తాడు. "అక్కా, అక్కా! సెకండు షిఫ్టుల ఇద్దరే ఉన్నరు! మీరు ఆగకపోతే ఎవలు ఊడుస్తరే?"

"నువ్వున్నవ్ గద కొడుకా," అన్నాను నేను. "ఊపిరితిత్తులు సాఫుగున్నోనివి."

ఆ నలుగురిలో ఒకామెకు జబ్బు తేలింది. సహస్రకు లేదు. బిడ్డకు ముందు జాగ్రత్తకని మందు వేస్తున్నారు. సారక్క పాసు ఆ రోజే రద్దయింది. తగ్గాక వస్తే చూస్తామన్నారు. వచ్చినా కొత్తగా చేరిన మనిషే. రమ ఆమెను పనిలోంచి తీసేసి, గోడ మీది గ్లాసును కర్రతో మోరీలోకి నెట్టింది. కొమురెల్లి తన కర్రను బోర్డు రోజు ఆటోలోనే వదిలేశాడు కాబట్టి చీపురు కర్రతో. మా లోపలి వరుస ఆడవాళ్ళు నెల రోజులు నా వరండా మెట్టు ఎక్కలేదు. వాళ్ళు రాకపోతే చాయ్ పొడి మిగిలింది.

ఇప్పుడు నాలుగో నెల. సహస్ర వారానికోసారి బియ్యం తెచ్చి ఇస్తుంది. ఇకముందు ఎవరికీ అంటుకోదని దవాఖానలో చెప్పాక సారక్క పొద్దున్నే మా వరండాకు వచ్చి, నా ముందే మాత్రలు మింగుతుంది. ముఖం కొంచెం నిండింది. కంటి కొనల్లో నల్లగీత మాత్రం అలాగే ఉంది.

కొమురెల్లి మొదటి షిఫ్టుకు మా ముందు నుంచే పోతాడు. రెండు కాళ్ళూ తిన్నగా పడుతున్నాయి. మమ్మల్ని చూడకుండా ఉండటానికి మెడ పక్కకు తిప్పి నడుస్తాడు. నిన్న కూడా అలాగే పోతుంటే సారక్క మాత్ర మింగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంది.

"బావా!" అని పిలిచింది. "దగ్గు తగ్గుతున్నది. నేర్చుకునేదుంటే జల్ది రా, మల్ల దొరకదు."

అతను అడుగు వేగం పెంచాడు. యాభై ఏడేళ్ళ మనిషి, మలుపు దాకా ఉరికాడు.